గోల్కొండ సముద్రద్వారం బందరు

హైదరాబాదు చరిత్ర చెప్పేవారు సాధారణంగా గోల్కొండ కోటతో మొదలుపెట్టి, పురానాపూల్ మీదుగా మూసీ దాటి, చార్మినారు దగ్గర కాసేపు ఆగి, నిజాముల దేవిడీల గుండా నేటికి వచ్చేస్తారు. ఆ కథలో ఎక్కడా సముద్రం కనిపించదు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా ఈ నగరానికి పునాది వేసిన నాటికే అతని రాజ్యానికి తూర్పు తీరంలో ఒక పెద్ద రేవు ఉందనీ, ఈ నగరపు సంపద అంతో ఇంతో ఆ రేవు చలవేననీ మన బడి పుస్తకాలు ఒక వాక్యంలో చెప్పి ఊరుకుంటాయి. ఇక్కడికి సుమారు 340 కిలోమీటర్ల దూరంలో ఉన్న మచిలీపట్నమే ఆ రేవు. కృష్ణా జిల్లా వాళ్లకీ మనకీ కూడా అది బందరే. హైదరాబాదును ప్రేమించే ప్రతివారూ ఒక్కసారైనా బందరు చూసి రావాలని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకంటే ఈ నగరం కథలో సగం అక్కడ ఉంది.

ఆ సగానికి మొదటి ఆనవాలు మాత్రం మన ఊళ్లోనే ఉంది. విజయవాడ బస్సులు వెళ్లే దారిలో, హయత్‌నగర్‌లో రోడ్డుకు కొద్దిగా లోపలగా, హయాత్ బక్షీ బేగం పేరు మీద ఒక పెద్ద మసీదు ఉంది. ఆమె మహమ్మద్ కులీకి కూతురు, అతని తరువాత గద్దెనెక్కిన మహమ్మద్ కుతుబ్‌షాకు భార్య, అబ్దుల్లా కుతుబ్‌షాకు తల్లి. మూడు తరాల రాచరికాన్ని లోపలి నుంచి చూసిన మనిషి. మసీదు చుట్టూ విశాలమైన ఆవరణ, ఆ ఆవరణ అంచుల వెంబడి వరుసగా కమానుల గదులు ఉంటాయి. అది సరాయి, బాటసారుల బస. పక్కనే హాథీ బావిడి అని పిలిచే పెద్ద మెట్లబావి ఉంది. నమాజుకు వచ్చే కొద్దిమందికి ఇంత ఆవరణ ఎందుకని చూసినవాళ్లకు సందేహం రావడం సహజం. గోల్కొండ నుంచి బందరు వెళ్లే బిడారుల మొదటి మజిలీలలో ఇది ఒకటని తెలిస్తే ఆ గదుల వరుసకూ ఆ బావి లోతుకూ లెక్క కుదురుతుంది. ఎద్దుల మందకు నీళ్లు కావాలి, సరుకుకు రాత్రి కాపలా కావాలి, మనుషులకు తల దాచుకునే నీడ కావాలి.

ఈ దారిన చాలాసార్లు నడిచిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే తన మజిలీలన్నీ రాసిపెట్టాడు. గోల్కొండ నుంచి మచిలీపట్నానికి సూటి దారిన నూరు కోసులనీ (ఒక కోసు సుమారు మూడు కిలోమీటర్లు), కొల్లూరు వజ్రాల గని మీదుగా వెళితే 112 కోసులనీ, తాను సాధారణంగా గని మీదుగానే వెళ్లేవాడిననీ చెప్పుకున్నాడు. అతని పలుకుబడిలో వంకర తిరిగిన ఊళ్ల పేర్లను తరువాతి పండితులు ఒక్కొక్కటే గుర్తుపట్టారు: హయత్‌నగర్, పంతంగి, పానగల్లు, బెజవాడ, ఉయ్యూరు, నిడుమోలు. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేటు అంటే ఇవాళ హైదరాబాదులో కారున్న ప్రతివారికీ తెలుసు, సంక్రాంతికి అక్కడ బారులు తీరిన వాహనాలను టీవీలో ఏటా చూపిస్తారు. మనం 65వ నంబరు జాతీయ రహదారి అని పిలిచే దారిలో చాలా భాగం ఆ పాత బాటకు దగ్గరదగ్గరగానే సాగుతుంది. పుణె నుంచి మన ఊరి మీదుగా వెళ్లే ఆ రహదారి ఆగేది కూడా మచిలీపట్నంలోనే. తావెర్నియే చూసిన కొల్లూరు గని ఉన్నచోట మాత్రం ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్లు నిలిచి ఉన్నాయి.

బందరుకు వెళ్లి సముద్రం చూసిన వాళ్లు మొదట ఆశ్చర్యపోతారు. ఇంత పేరున్న రేవుకు చెప్పుకోదగ్గ సహజమైన నౌకాశ్రయమే లేదు. కృష్ణ తెచ్చిపోసిన మట్టితో ఏర్పడిన నేల కాబట్టి తీరమంతా మెరక, నీటికి లోతు తక్కువ. పెద్ద ఓడలు కొన్ని మైళ్ల దూరంలో లంగరు వేసుకుని నిలబడితే, పలకలను తాళ్లతో కుట్టి చేసిన కుట్టు పడవలలో సరుకును ఒడ్డుకు చేరవేసేవారు. 1618 నుంచి కొన్నేళ్లు ఇక్కడ ఇంగ్లీషు కంపెనీ వర్తకాన్ని నడిపిన విలియం మెథ్‌వోల్డ్ ఈ ఊరిని చిన్నదిగా, జనసమ్మర్దంగా, ప్రాకారం లేనిదిగా, ఉప్పునీళ్ల ఊరుగా వర్ణించాడు. తావెర్నియే అక్కడి కొయ్య ఇళ్లను గురించి రాశాడు. అయినా బంగాళాఖాతంలో ఓడలు నిలవడానికి ఇంతకంటే మంచి చోటు లేదని కూడా ఆయనే అన్నాడు. పెగూ, సయాం, అరకాన్, బంగాళం, సుమత్రా, మనీలా, ఇటు హోర్ముజ్, మక్కా, ఇన్ని వైపులకు ఇక్కడి నుంచి ఓడలు కదిలేవట.

రేవును గొప్ప చేసింది దాని వెనక ఉన్న నేల. క్రీస్తుశకం తొలి శతాబ్దాల గ్రీకు రచనల్లోనే ఈ తీరం మసాలియా, మైసోలియా అనే పేర్లతో కనిపిస్తుంది, ఇక్కడ సన్నని నూలు బట్టలు విరివిగా తయారవుతాయని కూడా అందులో ఉంది. బందరుకు పడమరగా ఉన్న ఘంటసాలలో బౌద్ధ స్తూపం ఆనవాళ్లు దొరికాయి. గ్రీకు భూగోళవేత్త టాలెమీ చెప్పిన కంటకోస్సిల ఇదేనని చరిత్రకారులు చెబుతారు. అంటే కుతుబ్‌షాహీలు కొత్తగా రేవును కట్టలేదు. పదిహేను వందల ఏళ్లుగా నేత తెలిసిన చేతులూ సముద్రం తెలిసిన చేతులూ ఉన్న తీరాన్ని వాళ్లు తమ రాజధానికి ఒక దారితో కలిపారు, అంతే. ఆ కలపడంలోనే వాళ్ల తెలివి ఉంది.

పదిహేడో శతాబ్దం మొదట్లో ఈ రేవుకు ఎవరెవరు వచ్చారో చూస్తే గోల్కొండ దర్బారు ఎంత దూరం వినిపించిందో తెలుస్తుంది. 1605లో డచ్చివాళ్లు వచ్చారు. 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషు కంపెనీవాళ్లు వచ్చారు. వాళ్లను మొదట పులికాట్‌లో డచ్చివాళ్లు దిగనివ్వకపోతే, నిజాంపట్నంలోనూ బందరులోనూ చోటు వెతుక్కున్నారు. అబ్దుల్లా కుతుబ్‌షా 1632లో ఇచ్చిన ఫర్మానాను ఇంగ్లీషువాళ్లు బంగారు ఫర్మానా అని మురిసిపోయి చెప్పుకున్నారు. ఏడాదికి 500 పగోడాలు (అప్పటి బంగారు నాణేలు) కడితే చాలు, గోల్కొండ రేవుల్లో వ్యాపారం చేసుకోవచ్చునన్నది అందులోని సారం. తరువాతి కాలంలో సుమారు వందేళ్లు దేశాన్ని ఏలిన కంపెనీ అప్పటికి మన సుల్తాను గుమ్మంలో దరఖాస్తు పట్టుకుని నిలబడిన వర్తక సంఘం మాత్రమేనని గుర్తుచేసే కాగితం అది. కోరమాండల్ తీరంలో వాళ్ల పెద్ద కొఠీ, అంటే వర్తక కేంద్రం, 1641 వరకు బందరులోనే ఉంది. ఆ తరువాతే అది మద్రాసులో కొత్తగా కట్టిన సెయింట్ జార్జి కోటకు మారింది. మద్రాసుకు ముందు బందరు ఉందన్న సంగతిని మద్రాసును ప్రేమించేవాళ్లు కూడా కాదనలేరు.

ఐరోపావాళ్ల రాతలు ఎక్కువగా మిగిలాయి కాబట్టి కథంతా వాళ్లదేనన్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఈ రేవు మీద అన్నింటికంటే గట్టి పట్టు పారశీక వర్తకులది. ఇరాన్ నుంచి వ్యాపారులు, ఉద్యోగం కోరే చదువరులు ఈ దారినే గోల్కొండకు చేరేవారు. హైదరాబాదు భాషలో, తిండిలో, ఆషుర్‌ఖానాలలో కనిపించే ఇరాన్ ఛాయలో కొంత బందరు మీదుగా వచ్చినదే. వాళ్లలో మీర్ జుమ్లా కథ అన్నింటికంటే విచిత్రమైనది. అర్దిస్తాన్ నుంచి వచ్చిన ఈ మహమ్మద్ సయ్యద్ వజ్రాల వ్యాపారంలో పైకి వచ్చాడు, మచిలీపట్నం హవల్దారు, అంటే పాలనాధికారి, అయ్యాడు, సొంత ఓడలు నడిపాడు, చివరికి రాజ్యానికే మీర్ జుమ్లా, అంటే పెద్ద మంత్రి, అయ్యాడు. అబ్దుల్లా కుతుబ్‌షాతో చెడిన తరువాత మొఘలుల పక్షం చేరి, ఔరంగజేబు తరఫున బంగాళం దాకా వెళ్లాడు. రేవులో కూడబెట్టిన ధనం ఒక మనిషిని రాజుకే ఎదురు నిలిచేంత వాడిని చేసిందంటే, ఆ రేవులో ఎంత డబ్బు తిరిగేదో ఊహించుకోవచ్చు.

ఆ డబ్బుకు మూలం బట్ట. వజ్రాల పేరు అందరికీ తెలుసు కానీ, ఏటా ఓడలు నింపింది అద్దకం బట్టలూ తెల్లబట్టలే. బందరుకు పది కిలోమీటర్ల లోపే ఉన్న పెడనలో ఆ పని కలంకారీ పేరుతో ఇంకా సాగుతోంది, అక్కడికి వెళ్లి చూడకుండా బందరు చూశామని అనుకోవడం పొరపాటు. నేను చూసిన షెడ్డులో పొడవాటి బల్ల మీద గోనె పరచి, దాని మీద కరక్కాయ నీళ్లలో, పాలలో తడిపి ఆరబెట్టిన నూలు బట్ట వేసి ఉంచారు. బట్టకు లేత పసుపు రంగు, దగ్గరికి వెళితే పాల వాసన. అద్దేవాడు టేకు అచ్చును రంగు పళ్లెంలోని మెత్త మీద రెండుసార్లు తాకించి, బట్ట మీద నిలిపి, పిడికిలి మడమతో ఒక్క దెబ్బ కొడతాడు. ముందు నల్ల గీతలు పడతాయి. ఆ నలుపు తుప్పుపట్టిన ఇనుప ముక్కలనూ బెల్లాన్నీ నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి తీసినది. ఎరుపు రావలసిన చోట వేరే అచ్చుతో పటిక ద్రావణం అద్దుతారు. అది వేసినప్పుడు ఎరుపు కనిపించదు. బట్టను కాలవ నీళ్లలో ఉతికి, రాగి గంగాళంలో ఎర్రరంగు వేసి ఉడకబెడితే, పటిక తాకిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది, మిగతా చోట ఉతుకులో పోతుంది. పూర్వం ఆ ఎరుపు చిరివేరు అనే మొక్క వేళ్ల నుంచి వచ్చేది. కృష్ణా ముఖద్వారం దగ్గరి ఇసుక నేలల్లో, నిజాంపట్నం పరిసరాల్లో పెరిగే చిరివేరుకు సాటి లేదని పదిహేడో శతాబ్దపు వర్తకులు ఒప్పుకున్నారు. ఎన్ని ఉతుకులు పడినా వెలిసిపోని ఆ ఎరుపు కోసమే పర్షియా నుంచి సయాం దాకా జనం ఈ బట్టకు ఎదురుచూశారు.

అక్కడ పనిచేస్తున్న పెద్దాయనను అంచు కలవకపోతే ఏం చేస్తారని అడిగాను. “ఎంత జాగ్రత్తగా కొట్టినా ఒక్కోచోట వెంట్రుకవాసి తప్పుతుందండీ. మిషను మీద అచ్చేసింది అసలు తప్పదు. కొనేవాళ్లు అదీ ఇదీ పక్కపక్కన పెట్టి చూసి, తప్పనిదే బాగుందంటారు” అన్నాడు. హైదరాబాదు దుకాణాలలో కలంకారీ పేరుతో అమ్ముడుపోయే బట్టల్లో చాలావాటికి ఈ గంగాళంతో సంబంధం లేదు. తెలిసి కొనేవాళ్లు పెరగాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. ఎందుకంటే బందరు రేవు ఘనతలో ఇంకా ఊపిరితో ఉన్న భాగం ఇదొక్కటే.

ఊళ్లో మిగిలిన గుర్తులు విడివిడిగా చెదిరి ఉన్నాయి. వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం అనే పేటల పేర్లు డచ్చి, ఫ్రెంచి, ఇంగ్లీషు కొఠీలను ఇంకా గుర్తుచేస్తాయి. వాటిలో అన్నింటికంటే నిలిచి చూడవలసినది డచ్చివాళ్ల శ్మశానం, దాన్ని పురావస్తు శాఖ రక్షిత స్థలంగా ప్రకటించింది. సమాధుల మీద పరచిన పెద్ద రాతి పలకల మీద అక్షరాలు గుంటలుగా చెక్కినవి కావు. చుట్టూ రాయిని తొలిచివేసి అక్షరాన్ని ఉబ్బెత్తుగా నిలబెట్టారు. పైన వంశచిహ్నం, కింద వరుసలుగా డచ్చి భాష, చుట్టూ తీగల అల్లిక. వేలితో తడిమితే ప్రతి అక్షరం అంచూ ఇంకా పదునుగానే తగులుతుంది. ఆ భాష ఒక్క ముక్క తెలియకుండానే, ఎదుట గీసి ఇచ్చిన నమూనా చూసి మన రాతిపనివాళ్లు ఇంత నిర్దుష్టంగా చెక్కి ఉంటారని నాకు అనిపించింది. సముద్రం వైపు బందరుకోటలో పాత కట్టడాల మొండి గోడలు మిగిలాయి. సెయింట్ మేరీస్ చర్చి గురించి మాత్రం ఊరంతా ఒక ప్రేమకథ చెబుతుంది. మేజర్ జనరల్ జాన్ పేటర్, తాను ప్రేమించిన అరబెల్లా రాబిన్సన్ చనిపోతే, ఆమె సమాధి ఉన్నచోటనే ఈ చర్చి కట్టించాడంటారు.

బందరు హైదరాబాదు చేయి జారిన తీరు నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైనప్పుడు రేవూ మొఘలులకు చెందింది, ఆ తరువాత నిజాముల ఏలుబడిలోకి వచ్చింది. 1750 ప్రాంతంలో అది ఫ్రెంచివాళ్ల చేతికి వెళ్లింది. హైదరాబాదులో ఫ్రెంచి సేనాని బుస్సీ సేనలు నిజాము సలాబత్ జంగ్‌ను గద్దె మీద నిలబెట్టిన ఆ సంవత్సరాల్లో ఫ్రెంచి బలానికి సముద్రం వైపు ఆధారం ఈ రేవే. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లను ఓడించిన ఇంగ్లీషు కంపెనీ సేనాని కర్నల్ ఫోర్డ్, 1759 ఏప్రిల్‌లో ఒక రాత్రి, చుట్టూ బురద ఉంది కదా ఎవరు వస్తారులే అని కోటవాళ్లు నమ్ముకున్న వైపు నుంచి కూడా మనుషులను నడిపించి కోట పట్టుకున్నాడు. ఫ్రెంచివాళ్లకు సాయంగా బయలుదేరిన సలాబత్ జంగ్ సైన్యం అప్పటికి బెజవాడ దాకా వచ్చి ఉంది. కోట పోయిందని తెలిశాక అతను మే నెలలో ఇంగ్లీషువాళ్లతోనే ఒప్పందం చేసుకుని మచిలీపట్నం సర్కారును, అంటే ఆ చుట్టుపక్కల ప్రాంతాన్ని, వాళ్లకు రాసిచ్చాడు. రెండు మూడు రోజుల నడక దూరంలో ఉండి కూడా ఒక రాజ్యం తన రేవును పోగొట్టుకుంది. 1766 ఒప్పందంతో మిగిలిన ఉత్తర సర్కారులూ కంపెనీకి దక్కాయి, 1788లో గుంటూరు కూడా పోయింది. దానితో హైదరాబాదు సముద్రం లేని రాజ్యమైపోయింది.

ఆ లోటు హైదరాబాదుకు తెలిసివచ్చిందనడానికి 1802 వాణిజ్య ఒప్పందం సాక్ష్యం. కోఠీలో రెసిడెన్సీ భవనం కట్టించిన కిర్క్‌పాట్రిక్ అప్పుడు ఇక్కడ రెసిడెంటు, అంటే నిజాము దర్బారులో ఇంగ్లీషు కంపెనీ ప్రతినిధి. మచిలీపట్నం రేవును నిజాము స్వేచ్ఛగా వాడుకోవచ్చుననీ, అక్కడ తన కొఠీనీ తన ప్రతినిధులనూ పెట్టుకోవచ్చుననీ ఆ ఒప్పందంలో ఒక షరతు రాశారు. ఒకప్పుడు మన సుల్తాను ఇంగ్లీషువాళ్లకు ఇచ్చిన అనుమతినే, నూట డెబ్బై ఏళ్ల తరువాత ఇంగ్లీషువాళ్లు మన నిజాముకు ఇచ్చారు. ఈ రెండు కాగితాలనూ ఒకే గాజు పెట్టెలో పక్కపక్కన పెట్టి చూపే మ్యూజియం ఈ నగరంలో ఒకటి ఉంటే బాగుండునని నాకు ఎన్నోసార్లు అనిపించింది. ఫ్రెంచివాళ్ల విషయం ఇంకా చిత్రంగా ఉంటుంది. రేవు పోయినా వాళ్లకు బందరులో ఒక చిన్న కొఠీ స్థలం మిగిలిపోయింది, స్వాతంత్ర్యం వచ్చాక 1947 అక్టోబరులో గాని అది భారతదేశానికి అప్పగించలేదు.

మనుషుల చేతుల్లో మారుతున్న ఊరిని 1864 నవంబరు 1 రాత్రి సముద్రమే మింగింది. తుపాను ఉప్పెన మైళ్ల లోపలికి వచ్చేసి, సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. దానికి ముందే మెరక వేస్తున్న రేవు, మద్రాసు పెరుగుదల కలిసి బందరును బలహీనపరిచాయి. ఉప్పెన తరువాత ఆ ఊరు వెనుకటి స్థితికి రాలేదు. 1908లో బెజవాడ నుంచి రైలు వచ్చింది కానీ, 1933లో విశాఖపట్నం రేవు తెరిచాక తూర్పు తీరపు సరుకు అటే మళ్లింది.

రేవు తగ్గినా ఊరి బుద్ధి తగ్గలేదు. 1843 నాటి నోబుల్ కళాశాల, 1902లో మొదలైన కృష్ణాపత్రిక, 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య కలిసి నిలబెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాల, వీటి గురించి విడిగా రాయవలసినంత ఉంది. జాతీయ పతాకానికి రూపం ఇచ్చిన పింగళి వెంకయ్య ఆ కళాశాలలో పాఠాలు చెప్పినవాడే. 1923లో పట్టాభి బందరులోనే ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. దాని ప్రధాన కార్యాలయం తరువాత హైదరాబాదు సైఫాబాదుకు వచ్చింది. 2020లో బ్యాంకు విలీనమై పేరు పోయే దాకా మనలో ఎంతోమంది మొదటి జీతం పడింది బందరులో పుట్టిన ఆ ఖాతాలోనే.

ఇప్పుడు బందరు తీరంలో కొత్త రేవు పనులు జరుగుతున్నాయి. 2008లో ఒకసారి, 2019లో మరోసారి, 2023లో ఇంకోసారి వేర్వేరు ముఖ్యమంత్రులు శంకుస్థాపన చేసిన తరువాత, ఈసారి నిజంగానే సముద్రంలోకి రాతి గోడలు సాగుతున్నాయి, మెరకను తవ్వి ఓడలకు దారి లోతు చేస్తున్నారు. కుట్టు పడవల కాలం నుంచి వెంటాడిన లోతు సమస్యకు ఇది జవాబు. హైదరాబాదు దగ్గర డ్రై పోర్టు (ఓడ సరుకును రేవుకు దూరంగా నేల మీదే సర్దే కేంద్రం) పెట్టి, అక్కడి నుంచి నేరుగా బందరుకు కొత్త రహదారి వేయాలని తెలంగాణ ప్రభుత్వం కోరుతోంది. ఆ రహదారి పడితే నాకు ఉన్న కోరిక ఒక్కటే. అధికారులు దాని గీత గీసేటప్పుడు రేవు గోదాములతో పాటు పెడన కాలవ గట్టునూ, డచ్చివాళ్ల సమాధి పలకలనూ, బందరుకోట మొండి గోడలనూ పటం మీద ముందుగానే గుర్తు పెట్టుకోవాలి, వాటి రక్షణకు అయ్యే ఖర్చును రోడ్డు అంచనాలోనే చేర్చాలి.